ప్రాణం ఉండగా చేరుకోవాలి

కెల్లీవిల్, సిడ్నీ
12 ఆగస్టు 1999

తమ్ముడు ఫజల్‌కు, ఉదయక్క ఆశీస్సులు.

నాకు తుపాకి లైసెన్సు వచ్చింది. క్లబ్బులో రాత పరీక్ష, చేతి పరీక్ష రెండూ పెట్టారు. ఇంట్లో గోడకు బోల్టులు కొట్టి ఇనప పెట్టె బిగించాం. మీ బావ ద్వారకానాథ్ ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు లైసెన్సు వచ్చింది, అంటే ఈ ఇంట్లో నా నోటి లైసెన్సు క్యాన్సిల్ అయినట్టే గదా" అన్నాడు. అవునన్నాను.

ఈ వయసులో ఇదెందుకని నువ్వు అడగవు గానీ నేనే చెప్తాను. నాలుగు నెలలుగా రోజుకు పదకొండు గంటలు ఒక ఇన్సూరెన్సు కంపెనీ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేస్తున్నాను. ఈ ఏడాది దాటగానే కంప్యూటర్లు 2000 సంవత్సరాన్ని 1900 అనుకుంటాయని అందరి భయం. నేను చూసేదంతా కంటికి రెండడుగుల దూరంలోనే ఉంటుంది. శనివారమైనా దూరంగా చూసే పని ఒకటి కావాలనిపించింది. నాతో పనిచేసే అమ్మాయి వాళ్ల నాన్న రాస్‌కు మడ్జీ దగ్గర పొలం ఉంది. కుందేళ్లు దాన్ని గుల్ల చేస్తున్నాయి. వచ్చి కాల్చుకోండి అన్నాడు.

మా నాన్న ఆత్మకూరులో ఫారెస్టు రేంజరుగా ఉన్నప్పుడు మీ అబ్బా జీపు నడిపేవారు. ఆదివారాలు నాన్న రైఫిల్‌ను నూనెగుడ్డతో తుడిచేది నేను. గడప మీద కూర్చుని చూసేది నువ్వు. పేల్చే వంతు ఇద్దరికీ ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు నువ్వు డార్విన్‌లో ఎనిమిదేళ్లుగా వేటాడుతున్నావు. నేను ఇప్పుడు మొదలుపెడుతున్నాను.

దుకాణంలో నలభై రకాలున్నాయి. అమ్మేవాడు ఒకటి చెప్తాడు, పత్రికలు ఇంకొకటి చెప్తాయి. అవి నాకొద్దు. నీ భుజానికి తగిలి నేర్చుకున్నది రాయి. ఈమెయిల్ మాత్రం చెయ్యకు. ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు చదువుతుంటే ఎవరో ముక్కు మూసుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

మరదలు కనీజ్‌ను అడిగానని చెప్పు.

మీ అక్క,
ఉదయలక్ష్మి


డార్విన్
29 ఆగస్టు 1999

ఉదయక్కకు సలాం.

నీ ఉత్తరం కనీజ్‌కు చదివి వినిపించాను. "అక్క చేతికి తుపాకి వస్తే బావ ఇంక గిన్నెలు గూడా కడుగుతాడు" అంది.

నీ జబ్బే నాకూ పట్టుకుంది. మా ఆస్పత్రిలో గడియారం ఉన్న యంత్రాలు పదకొండు వందల నలభై. ఒక్కోదాని తేదీ ముందుకు జరిపి, 99 నుంచి 00కు దాటించి, ఆగకుండా నడిస్తే ఆకుపచ్చ స్టిక్కరు అంటించి సంతకం పెట్టాలి. ఇప్పటికి ఆరు వందలు అయ్యాయి.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇవన్నీ నా ఇష్టాలు, శాస్త్రం కాదు.

కుందేలుకు ట్వంటీ టూ అనే చిన్న తూటా తుపాకి చాలు. తుపాకి నీ కొలతకు లేకపోతే ఎంత ఖరీదైనదైనా పరాయిదే. నీ చేతులు పొట్టి. భుజానికి ఆనించే చెక్కను ముప్పాతిక అంగుళం కోయించు. దుకాణం వాడు వద్దంటాడు, వినకు. స్కోపు నాలుగు రెట్లు చూపించేది తీసుకో. నేను మొదట పన్నెండు రెట్లది కొన్నాను. అందులో ఇక్కడి అడవి గేదె వెంట్రుకలు కనిపించేవి, గేదె ఎటు నడుస్తోందో కనిపించేది కాదు.

నాకు ఇక్కడ చెక్క పనికి రాలేదు. వానాకాలంలో అది తేమ తాగి ఉబ్బుతుంది. జనవరిలో కుదిర్చిన గురి జూన్‌లో నాలుగంగుళాలు పక్కకు పోయింది. ప్లాస్టిక్ బాడీ బొమ్మ తుపాకిలా ఉంటుంది గానీ మాట తప్పదు. మీ వైపు పొడి గాలి కాబట్టి నీకు చెక్కే బాగుంటుంది. తోలు పట్టీకి బూజు పడితే కాన్వాసుకు మారాను. జేబులకు గుండీలే ఉండాలి. చర్రుమని ఊడే పట్టీలున్న చొక్కా ఒకసారి వేసుకెళ్లాను. ఆ చప్పుడుకు మూడు వందల గజాల అవతల మంద మొత్తం తలెత్తింది. బూట్లు మాత్రం ముందు ఇంటి చుట్టూ నెల రోజులు తొడిగి తిరుగు.

ఇక నా పెద్ద తుపాకి. ఆరేళ్లు త్రీ-నాట్-ఎయిట్ వాడాను. తేలిక, భుజాన్ని పెద్దగా తన్నదు. దాన్ని వాడటానికి ఇంకో కారణం ఉంది. మా ఇంటి పద్ధతి నీకు తెలుసు. తూటాకు చచ్చిన జంతువును మేం తినం. ప్రాణం ఉండగా చేరుకుని, బిస్మిల్లా చెప్పి గొంతు కోయాలి. పేల్చేటప్పుడే దేవుడి పేరు తలిస్తే చాలనే పెద్దలూ ఉన్నారు. మా అబ్బా వాళ్లలో వాడు కాదు. అందుకే మరీ గట్టి తుపాకి ఆయనకు నచ్చేది కాదు. జంతువు పడాలి, కానీ వెంటనే చావకూడదు. తుపాకి కన్నా కాళ్లు, కత్తి ముఖ్యం అనేవాడు. నేనూ అలాగే పరిగెత్తేవాణ్ని.

పోయిన ఏడాది జూలైలో ఒక దున్న పడింది. కత్తి తీసుకుని పరిగెత్తాను. పది గజాల దూరంలో అది లేచింది. నా వెంట కాషిఫ్ ఉన్నాడు. మా ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేస్తాడు, హైదరాబాదు వాడు. అతను ఒక మొగలి పొద వెనక్కి, నేను ఇంకో పొద వెనక్కి. మళ్లీ పేల్చాను, మళ్లీ పేల్చాను. అది మోకాళ్ల మీద నిలబడి మమ్మల్నే చూసింది. గడియారం చూసుకున్నాను. మొదటి తూటా నుంచి పదకొండు నిమిషాలు పట్టింది.

ఈ ఏడాది త్రీ-సెవెంటీ-ఫైవ్ కొన్నాను. బరువు, తన్నితే పళ్లు కదులుతాయి. కానీ పడితే పడ్డట్టే. ఈ నెల ఏడున దానితో మొదటి దున్నను కొట్టాను. నేను చేరేసరికి ప్రాణం లేదు. గొంతు కోశాను. ప్రాణం ఉండగానే కోశావా అని ఇంటికొచ్చాక కనీజ్ అడిగింది. ఉండగానే అన్నాను. మర్నాడు కాషిఫ్ కూతురు షిఫా అకీకా, బిడ్డ పుట్టినందుకు మేకలు కోసి పెట్టే విందు. అకీకా మేకలను ఇండియాలో వాళ్ల నాన్న కోయించాడు. ఇక్కడి బిర్యానీకి మాంసం నాది. ఆరు కుటుంబాలు తిన్నాయి, బాగుందన్నాయి.

తూటాల పేరు, తయారీ తేదీ పెట్టె మీద నుంచి పుస్తకంలో రాసుకో. పనికొస్తుంది.

నీ తమ్ముడు,
ఫజల్


కెల్లీవిల్
3 అక్టోబరు 1999

ఫజల్‌కు,

చెక్క కోయించాను. దుకాణం వాడు నువ్వు చెప్పినట్టే వద్దన్నాడు. ఇప్పుడు తుపాకి ఎత్తితే కన్ను దానంతటదే స్కోపు దగ్గరికి వెళ్తోంది. యాభై తూటాల పెట్టె ఒకటి కొన్నాను. క్లబ్బులో గురి కుదర్చడానికి ఇరవై పోయాయి. తేదీ పుస్తకంలో రాశాను.

మడ్జీ వెళ్లాను. తెల్లవారేసరికి గట్టు మీద బోర్లా పడుకున్నాను. లోయలో మంచు ఉంది. ముందు కంచె గుంజలు మాత్రం తేలాయి, తరువాత గొర్రెల వీపులు. కాసేపటికి నేల అనుకున్నది కదిలింది, కుందేళ్లు. నాలుగు రెట్ల అద్దంలో గడ్డి మీది నీటిచుక్కలు, వాటి వెనక కుందేళ్ల చెవులు. ఎండ ఆ చెవుల్లోంచి ఇవతలికి వచ్చింది. లోపలి సన్నని నరాలు ఎర్రగా కనిపించాయి. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. చేతి కింద గడ్డి వెచ్చబడింది. రెండు గంటల పాటు ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు.

మూడు కుందేళ్లు ఇంటికి తెచ్చాను. మీ బావ వాటిని మిరియాలు వేసి వండించుకుని, "రేంజరు కూతురు" అని వీధి వీధంతా చెప్పుకొచ్చాడు.

నీ ఉత్తరంలో తుపాకుల గురించి మూడు పేజీలున్నాయి. చివరి పేజీలో ఏడెనిమిది వాక్యాలు వేరే ఉన్నాయి. వాటి తరువాత వెంటనే తూటాల పెట్టె గురించి రాశావు. నేను ఆ ఏడెనిమిదే ఎక్కువసార్లు చదివాను. మీ ధర్మం మీద మాట్లాడే అర్హత నాకు లేదు. ఒక్కటే అడుగుతాను. కనీజ్‌కు చెప్పావా?

అక్క


డార్విన్
21 నవంబరు 1999

అక్కా,

నీ ఉత్తరం కుందేళ్ల చెవుల వరకే కనీజ్‌కు చదివి వినిపించాను. "అక్క కుందేలును చూసిందా, కొట్టిందా?" అంది. రెండూ చేసుంటుంది అన్నాను.

ఇక్కడ వాన ఇంకా దిగలేదు. రోజూ మధ్యాహ్నం మబ్బు పడుతుంది, ఉరుముతుంది, వెళ్లిపోతుంది. మనుషులకు పని మీద ధ్యాస ఉండదు. మూడు గంటలకు అందరం నీళ్లలో నడుస్తున్నట్టు నడుస్తాం. ఈ నెలల్లో వేట లేదు. తుపాకులు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి పెట్టెలో పెట్టాను. గొట్టం లోపల నూనె పలచగా రాయాలని ఈసారి తెలిసింది. ఎక్కువ రాస్తే మొదటి తూటా దారి తప్పుతుంది.

మొన్న శనివారం మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో వరదమైదానం ఉంది, నీళ్లు లేవు. గేదెలు వరసగా నిలబడి ఉన్నాయి, బ్యాంకులో నిలబడ్డట్టు. నేను ఒక్కోదాని దగ్గరికీ వెళ్తున్నాను. చివరి దాని కొమ్ముకు నేను ఆస్పత్రిలో అంటించే ఆకుపచ్చ స్టిక్కరు ఉంది. పరీక్షించాను, సరిగా ఉంది, అని కింద నా సంతకం. సంతకం నాదే. గీకుదామని గోరు పెట్టాను, ఊడలేదు.

కనీజ్‌కు చెప్పలేదు. ఎందుకో రాస్తాను. డార్విన్‌లో మాకు దొరికే హలాల్ మాంసం చాలా దూరం నుంచి గడ్డకట్టి వస్తుంది. నేను తెచ్చేదొక్కటే తాజాది. ఈ ఆరు కుటుంబాలు నన్ను ఒక్క ప్రశ్నా అడగకుండా తింటాయి. అడిగేది కనీజ్ ఒక్కతే, అదీ ప్రతిసారీ. ఆ అడగడం మీదే మిగిలినవాళ్ల నమ్మకం నిలబడి ఉంది. పేల్చేటప్పుడు బిస్మిల్లా అన్నానా అని ఆలోచించాను. అని ఉంటే కొందరు పెద్దల లెక్కలో బయటపడేవాణ్ని. అన్నానో లేదో గుర్తు లేదు. గుర్తు లేనిదాన్ని ఉందని చెప్పుకోలేను. ఒకసారి చెప్పిన అబద్ధం చాలు.

కాషిఫ్ నిన్న కాంటీన్‌లో పట్టుకున్నాడు. "భాయ్, జూన్‌లో షిఫా ఫస్ట్ బర్త్‌డే. ఫ్రోజెన్ మటన్ తిని తిని నోరు గూడా ఫ్రీజ్ అయ్యింది. మళ్లీ మీ గేదే కావాలె. ఫుల్ ట్రస్ట్" అన్నాడు. సరే అన్నాను. సరే అనడానికి ఎంతసేపు పడుతుంది.

జూన్ చాలా దూరం.

ఫజల్


కెల్లీవిల్
20 జనవరి 2000

ఫజల్‌కు,

ఏమీ జరగలేదు. పేపర్లో చదివే ఉంటావు. మా ఆఫీసులో లైట్లు వెలిగే ఉన్నాయి, అంకెలు మారాయి, పిజ్జాలు మిగిలాయి. ఏమీ జరగకుండా చూడటమే మా పని అని ఎవరికీ చెప్పలేం. ఇంతోటి దానికి అంత హడావుడా అని పక్కింటాయన అడిగాడు. ఇప్పుడు జూలైలో వచ్చే కొత్త పన్ను కోసం ఆ ప్రోగ్రాములే మళ్లీ తెరుస్తున్నాం.

ఇప్పటికి మడ్జీ ఐదుసార్లు వెళ్లాను, మొత్తం పదకొండు కుందేళ్లు. చలికి, ఎండకు రెండింటికీ పనికొచ్చేది పాత ఉన్ని స్వెట్టరే అని తేలింది. నైలాను జాకెట్టు గడ్డి మీద పాకితే కాగితం నలిపినట్టు చప్పుడు. సెప్టెంబరులో కొన్న తూటాలు ఇంకా ముప్పై మిగిలాయి. ఎండలో కారు డిక్కీలో ఉండిపోతే పాడవుతాయా?

జూన్ దూరం అన్నావు. ఐదు నెలలు. నేనైతే ఈపాటికి చెప్పేసేదాన్ని. చేతికి నెత్తురు అంటినవాళ్లం, ఒక ప్రాణం ఎంత చప్పున పోతుందో మనకు తెలుసు. నువ్వు రెండు నిమిషాలు ఆలస్యమయ్యావు, అంతే. కనీజ్ అర్థం చేసుకుంటుంది. చెప్పెయ్.

అక్క


డార్విన్
2 మార్చి 2000

అక్కా,

తూటాలు పాడు కావు. నీడలో పెట్టు.

యాభైలో ఇరవై గురికి పోయాయని అక్టోబరులో రాశావు. ముప్పై మిగిలాయని ఇప్పుడు రాశావు. యాభైలో ఇరవై పోతే ముప్పై. పదకొండు కుందేళ్లు ఏ తూటాతో పడ్డాయి?

కోపం కాదు. నేను యంత్రాల మనిషిని, అంకెలు కలవకపోతే నిద్ర పట్టదు. కానీ నన్ను చెప్పెయ్ అన్న ఉత్తరంలోనే ఆ ముప్పై కూడా ఉంది. చేతికి నెత్తురు అంటినవాళ్లం అన్నావు. అంటిందా?

ఇక్కడ రోడ్లు నీళ్ల కింద ఉన్నాయి. కాషిఫ్ కూతురి పుట్టినరోజుకు నలభై మందిని పిలుస్తున్నాడు.

ఫజల్


కెల్లీవిల్
27 మార్చి 2000

తమ్ముడూ,

అంటలేదు.

ఒక్కదాన్నీ కొట్టలేదు. నేను ఇంటికి తెచ్చినవన్నీ రాస్ వల పెట్టి పట్టినవి. మొదటిసారి ఖాళీ చేతులతో వస్తుంటే అతనే మూడు చేతిలో పెట్టాడు. "ఇట్స్ ఓకే లవ్, సమ్ డేస్ దే విన్" అన్నాడు. కారులో నాలుగు గంటలు కూర్చుని ఇంటికి వచ్చేలోపు అవి నేను కొట్టినవి అయిపోయాయి. మీ బావ అడగను కూడా అడగలేదు. సంచి చూసి, "శభాష్" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆరు నెలలు గడిచాయి.

అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను. కుందేలు స్కోపులోకి వస్తుంది. ముందు కాళ్లతో మొహం తుడుచుకుంటుంది, మనం నీళ్లతో తుడుచుకున్నట్టే. ఊపిరి వదలాలి, వేలు బిగించాలి. ఊపిరి వదులుతాను. ఆ తరువాత గంట గడుస్తుంది. తుపాకి బాగుంది, చెక్క నా కొలతకు సరిగ్గా ఉంది, నువ్వు రాసిందంతా నిజం. నాకు కావలసింది ఆ అద్దం ఒక్కటే అనుకుంటాను. దానికి తుపాకి అక్కర్లేదని తెలుసు. అయినా తుపాకి లేకపోతే తెల్లవారుజామున ఒక ఆడది ఒంటరిగా గడ్డిలో పడుకోవడానికి ఈ దేశంలోనైనా కారణం చూపించాలి కదా.

నిన్న మా పెరట్లో బార్బీ, అదే బార్బెక్యూ పెట్టాం. మీ బావ పటకారు పట్టుకుని నా పదకొండో కుందేలు కథ మొదలుపెట్టాడు. ఇక్కడి మా స్నేహితులు ఉమామహేశ్వరరావు గారు, వాళ్లావిడ సుగుణ వింటున్నారు. నీ ఉత్తరం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. "అవి రాస్ పట్టినవండీ, నేను ఒక్కటీ కొట్టలేదు" అన్నాను. సుగుణ తన ప్లేటు వంక చూసుకుంది. మీ బావ సాసేజి తిప్పి, "అంటే ఆరు నెలల నుంచీ నేను పరాయి మగాడి కుందేలు తింటున్నానా? పోన్లే, ఉప్పు సరిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. గిన్నెలు కడిగేటప్పుడు, "నాకు ముందు చెప్పి ఉండాల్సింది ఉదయా, జనం ముందు కాదు" అన్నాడు. అది న్యాయమే.

మా ఇంట్లో నవ్వుతో సరిపోయింది. నీ దగ్గర సరిపోదని తెలుసు. నాది గొప్పకు చెప్పింది. నీది ఆరు ఇళ్ల వాళ్ల నోట్లోకి వెళ్లింది. అందుకే చెప్పెయ్ అని మళ్లీ రాయను. ఎలా ఉంటుందో మాత్రం రాస్తున్నాను. నోరు తెరిచే ముందు బల్ల మీది ప్లేట్లు రెండుసార్లు లెక్కపెట్టాను, తరువాత కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. సాయంత్రానికి మామూలుగా ఆకలేసింది.

అక్క


డార్విన్
2 జూన్ 2000

అక్కా,

గడ్డి తగలబెడుతున్నారు. ఊరంతా పొగ. సూర్యుడు నాణెంలా ఉన్నాడు, కళ్లతో నేరుగా చూడొచ్చు. నీళ్లు తీశాయి, దారులు తెరిచారు.

రేపు శనివారం వేటకు వెళ్లాలి. పుట్టినరోజు పదిహేడున. రెండు తుపాకులూ బయటికి తీసి మంచం మీద పెట్టాను. తేలికది తీసుకెళ్తే పరిగెత్తాలి, ఆ పదకొండు నిమిషాలు మళ్లీ రావచ్చు. బరువైనది తీసుకెళ్తే మళ్లీ ఆలస్యంగా చేరతాను, మళ్లీ అబద్ధం చెప్పాలి. పొద్దున్నుంచి వాటి ముందే కూర్చున్నాను. ఎనిమిదేళ్లలో నేర్చుకున్నదేదీ ఇక్కడ పనికి రావడం లేదు. రెండింటినీ పెట్టెలో పెట్టి తాళం వేశాను.

కనీజ్ పెరట్లో బట్టలు తీస్తోంది. ఈ కవరు మూలమీది డబ్బాలో వేసి వస్తాను. వచ్చి చెప్తాను.

ఫజల్


డార్విన్
16 జూలై 2000

ఉదయక్కకు కనీజ్ సలాం.

నా తెలుగు రాత కర్నూల్లో పదో తరగతితో ఆగిపోయింది, తప్పులుంటే దిద్దుకుని చదువు. ఈయన రాస్తానని మూడు వారాలుగా కాగితం ముందు కూర్చుంటున్నారు. నేను రాస్తానని లాక్కున్నాను.

ఆ రోజు బట్టలు తీస్తుంటే వచ్చి చెప్పారు. నిలబడి చెప్పారు, ఆఫీసులో పై అధికారికి చెప్పినట్టు. దున్న ఎక్కడ పడింది, ఎన్ని గజాలు, ఎన్ని నిమిషాలు. అంతా విన్నాను. విని, "నాకు తెలుసు" అన్నాను.

అక్కా, నాకు ఆ సాయంత్రమే తెలుసు. ఉండగానే కోశానని ఈయన అన్నారు. నేను మాంసం కడగడానికి కూర్చున్నాను. మూడు నీళ్లకు తేలిపోవాలి. ఏడు నీళ్లు మార్చినా ఎరుపు పోలేదు. గుండె కొట్టుకుంటుండగా కోస్తే అదే నెత్తురంతా బయటికి తోసేస్తుంది. ఆగిపోయాక కోస్తే కండలోనే ఉండిపోతుంది. ఇది మాంసం వండే ఏ ఆడదానికైనా తెలుసు. వేటగాళ్లకు ఎందుకు తెలియదో. మర్నాడు విందు. వంటకు పెద్ద డేగిషాలు తెచ్చిపెట్టారు, బియ్యం నానబోశారు, కాషిఫ్ పెళ్లాం బాలింతరాలు. ఎనిమిదో నీళ్లు మార్చి, పెరుగు ఎక్కువ వేసి నానబెట్టాను. వండింది నేను. వడ్డించింది నేను. ఈయన చెప్తే కదా నేను చెప్పేది అనుకున్నాను. పది నెలలు ఒకే మంచానికి అటు ఆయన, ఇటు నేను, మధ్యలో ఆ దున్న.

అదంతా నేను చెప్పాక ఈయన తీగ మీది తువ్వాలు తీసి మడతపెట్టారు. మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టారు. "నువ్వెందుకు అడగలే?" అన్నారు. "అడిగినా గదా" అన్నాను.

మర్నాటి నుంచి ఇద్దరం కలిసి ఆరు ఇళ్లకూ వెళ్లాం. ఫోన్లో చెప్పేది కాదు. ఆరిఫా ఖాలా అందరికన్నా పెద్దది. "తెలియక తిన్నోళ్లది తప్పు గాదు బిడ్డా. తెలిసి పెట్టినోళ్లది. మీరిద్దరూ అల్లా ముందు తౌబా చేసుకోండి, నన్ను టీ తాగనియ్యండి" అంది. ఇంకో ఇంట్లో జైన్ భాయ్ నవ్వేసి, పేల్చేటప్పుడు దేవుడి పేరు తలిస్తే చాలు అని పెద్ద పుస్తకం తెచ్చి చూపించబోయాడు. తలిచినట్టు గుర్తు లేదని ఈయన అన్నాక పుస్తకం మూశాడు. ఒక ఇంట్లో ఇక మీ ఇంటి తిండి వద్దని మర్యాదగానే చెప్పారు. కాషిఫ్ అంతా విన్నాడు. "నా బిడ్డ అకీకా, భాయ్" అన్నాడు. తలుపు మెల్లగా వేశాడు. గట్టిగా వేసినా బాగుండేది.

పుట్టినరోజుకు ఫ్రోజెన్ మాంసమే తెప్పించుకున్నాడు. మమ్మల్ని పిలవలేదు. ఆస్పత్రిలో ఈయన్ను చూస్తే సలాం చెప్పి వెళ్లిపోయేవాడు.

తుపాకి సంగతి నువ్వు అడుగుతావని రాస్తున్నాను. బరువైనదే ఉంచుకోమన్నాను. తేలికది అమ్మేశారు. ఒక జీవాన్ని పదకొండు నిమిషాలు నిలబెట్టి మన పద్ధతి కాపాడుకోవడం నాకు వద్దు. గేదెలు పెరిగిపోయి నీటిమడుగులు పాడుచేస్తున్నాయని అక్కడి పశువుల స్టేషన్, అంటే పెద్ద పశువుల ఫారం, యజమాని కొట్టమంటాడు. ఈయన వెళ్లి కొడతారు, మాంసం వాళ్లకే వదిలేస్తారు. మొన్న నేనూ వెళ్లాను. పొద్దున పూట పొగ, నీళ్ల మీద తామరలు, తెల్ల కొంగలు ఒక్కటీ కదల్లేదు. అంత దూరం నుంచి తీసుకొచ్చిన తుపాకిని ఈయన గంటన్నర సేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను నిద్రపోయాను. చప్పుడు వినలేదు, ఈయన కొట్టలేదట.

పోయిన ఆదివారం ఖీర్ వండి ఆరు ఇళ్లకూ పంపాను. పాలు, బియ్యం, చక్కెర, అందులో ఎవరూ శంకించేది ఏమీ లేదు. మనలో గిన్నె ఖాళీగా తిరిగి రాదు కదా అక్కా. ఒకరి గిన్నెలో నిమ్మకాయలు వచ్చాయి, ఒకరి గిన్నెలో కరివేపాకు. తిండి వద్దన్నవాళ్లు కూడా గిన్నె నిండా బొప్పాయి ముక్కలు పంపారు. కాషిఫ్ గిన్నె ఒక్కటే రాలేదు. అడగొద్దని ఈయనకు చెప్పాను.

నిన్న మధ్యాహ్నం మేం అన్నానికి కూర్చోబోతుంటే కాషిఫ్ వచ్చాడు. ఒక చేత్తో షిఫాను ఎత్తుకుని, ఇంకో చేత్తో గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డాడు. గిన్నె ఖాళీగా ఉంది. "భాభీ, వారం నుంచి చూస్తున్నా, దీంట్ల ఏం పెట్టాల్నో సమజ్ కాలే" అన్నాడు.

లోపలికి రమ్మన్నాను. ఈయన కుర్చీలోంచి లేచారు. బల్ల మీద అన్నం, పప్పు, వంకాయ కూర ఉన్నాయి. కాషిఫ్ గిన్నె నా చేతికిచ్చాడు, షిఫాను ఈయన చేతికిచ్చాడు. ఈయన లేచిన కుర్చీలో తను కూర్చుని, ఈయన ప్లేటు తనవైపు లాక్కున్నాడు.

కనీజ్